మా వదిన సర్పంచ్ ఎన్నిక, నేను రాసిన ఖర్చుల పుస్తకం

2025 నవంబరు చివర్లో మా అన్న ఫోన్ చేసి, "మన ఊరు మహిళా జనరల్ అయింది. మీ వదిన నిలబడుతనంటుంది. సెలవు పెట్టి రా, లెక్కలు నువ్వే రాయాలె" అన్నాడు. నేను నల్గొండలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్తాను. ఎన్నికల్లో డబ్బు గురించి అందరిలాగే నేనూ చాలా మాట్లాడినవాణ్నే. కానీ పుస్తకం పట్టుకుని ఒక ఎన్నికను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చూడటం అదే మొదటిసారి.

మాది మునుగోడు నియోజకవర్గంలో చిన్న ఊరు. 1,460 ఓట్లు, 10 వార్డులు. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు అయిపోయాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. మోరీ నిండినా, వీధి లైటు పోయినా ఎవరిని అడగాలో తెలియని రెండేళ్లు. వదిన పన్నెండేళ్లుగా మహిళా సంఘం లీడరు. బ్యాంకు లింకేజీ, ఇన్సూరెన్స్ కాగితాలు, ఆధార్ తప్పులు, ఏ పనున్నా ఆడవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. "ఎట్లాగూ తిరుగుతున్న కదా తమ్మీ, సంతకం నా చేతిల ఉంటే ఇంకింత పని అయితది" అన్నది. ఆమె నిలబడటానికి అంతకు మించి కారణం లేదు.

నామినేషన్ తేలికగానే అయింది. బీసీ కాబట్టి డిపాజిట్ 1,000 రూపాయలు. ఇంటి పన్ను బాకీ లేదని రసీదు, ఆస్తులు, కేసులు, చదువు రాసిచ్చే అఫిడవిట్, ఊళ్లో ఓటున్న ఒకరితో ప్రతిపాదన. ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తీశాం. 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి 1,50,000 రూపాయల వరకే ఖర్చు పెట్టొచ్చు. అంటే మా ఊళ్లో ఓటుకు సుమారు 103 రూపాయలు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ అంకె రాసి, చుట్టూ గీత గీశాను.

మర్నాడు పొద్దున కొంతమంది పెద్దమనుషులు ఇంటికొచ్చారు. చాయ్ తాగినంతసేపూ అవీ ఇవీ మాట్లాడి, లేచే ముందు అసలు మాట చెప్పారు. ఎదుటి అభ్యర్థి ముత్యాలమ్మ గుడికి 12 లక్షలు ఇస్తానన్నదట. అంతకంటే ఎక్కువ ఇస్తే మీకే ఏకగ్రీవం చేస్తాం, లేకుంటే విత్‌డ్రా చేసుకోండి అన్నారు. వాళ్లు దాన్ని వేలం అనలేదు, "ఊరి మంచికి" అన్నారు. ఇట్లా పదవిని పాడటం చెల్లదని ఎన్నికల సంఘం 2019లోనూ చెప్పింది, ఇప్పుడూ చెప్పింది. అయినా ఊళ్లో ఇది తప్పు అనుకునేవాళ్లు తక్కువ. డబ్బు ఇంటింటికీ పోతే పాపం, గుడికి పోతే పుణ్యం అని ఒక లెక్క. నా మట్టుకు రెండోదే ఎక్కువ నష్టం. ఇంటింటికీ పంచితే కనీసం ఓటు వేసే రోజు ఒకటి మిగులుతుంది. పాటలో ఆ రోజు కూడా పోతుంది. వదిన కొంగు సర్దుకుని, "గుడి అందరం చందాలేసుకుని కట్టుకుందాం బావా, నేను మాత్రం నిలబడుత" అన్నది. వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రానికే మా కులం నుంచే ఇంకొకామె నామినేషన్ వేసింది. ఆమె డిపాజిట్ ఎవరు కట్టారో ఊరందరికీ తెలుసు.

గుర్తులు ఇచ్చారు. ఎదుటివాళ్లకు ఉంగరం, మాకు కత్తెర. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కానీ, ఏ కండువా వెనక ఎవరున్నారో చిన్నపిల్లలు కూడా చెప్తారు.

మా బాపు ఎన్నికల గురించి ఎప్పుడూ చెప్పే సంగతి ఒక్కటే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన ఊళ్ల గోస దేశానికి వినపడాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు డిపాజిట్ 500. ఆ ఏడాదే చట్టం మార్చి దాన్ని 10,000 చేశారు, ఇప్పుడు 25,000. "500 రూపాయలతోని ఢిల్లీని ఇటు దిక్కు చూసేటట్టు చేసినం బిడ్డా" అంటాడు బాపు. ఆయన అప్పుడు నిలబడలేదు, నిలబడ్డవాళ్ల వెంట తిరిగాడు. అదే నేల మీద 2022 నవంబరు 3న మునుగోడు ఉపఎన్నిక జరిగింది. 47 మంది అభ్యర్థులు, దాదాపు 93 శాతం పోలింగ్, 10,309 ఓట్ల మెజారిటీ. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, ఓటర్లు 2,41,000 పైన. భాగిస్తే ఓటుకు 17 రూపాయలు కూడా రాదు. ఆ నెల రోజులూ మా ఊళ్లో పొయ్యి వెలిగించని ఇళ్లున్నాయి, పొద్దూ మాపూ ఎవరో ఒకరి టెంటు కింద భోజనాలే. ఓటుకు ఇంతని ఊళ్లో చెప్పుకున్న అంకె వేలల్లో ఉంది. మూడేళ్ల తర్వాత వదిన ప్రచారానికి వెళ్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు ముందు ఆ ఉపఎన్నికనే గుర్తు చేశారు. ఒకసారి పెరిగిన రేటు తగ్గదు. పెద్ద ఎన్నికలో పార్టీలు పెట్టిన రేటును చిన్న ఎన్నికలో సంఘం లీడరు మోయాల్సి వస్తుంది.

ప్రచారం వారం రోజులు. పుస్తకంలో రోజూ రాసేవాణ్ని: ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటోకు మైకు, చాయ్, టిఫిన్లు, వెంట తిరిగేవాళ్ల భోజనాలు. సాయంత్రమయ్యేసరికి ఒక్కో పిల్లవాడు వచ్చి, "అన్నా, మావోళ్లు పదిమంది ఉన్నరు, ఏదన్న చూడు" అనేవాడు. చూడు అంటే మందు. ఊళ్లో రెండు బెల్టు షాపులున్నాయి, ఆ వారం అవి అర్ధరాత్రి దాకా మూతపడలేదు. వదిన మందు పోయించనని మొదటి రోజే చెప్పింది. సంఘంలో తాగుడు వల్ల ఇల్లు ఆగమైన ఆడవాళ్లు ఎంతమందో ఆమెకు తెలుసు. ఆ మాటకు మగవాళ్లలో కనీసం ఒక యాభై ఓట్లు పోయి ఉంటాయి. ఆడవాళ్లలో ఎన్ని వచ్చాయో మాత్రం చెప్పలేను.

మూడో రోజు మా చిన్నాయన ఓటరు లిస్టు తెచ్చి మంచం మీద పరిచాడు. నేను అంతవరకు ఎన్నిక అంటే మైకు, జెండా అనుకున్నాను. అసలు ఎన్నిక ఆ లిస్టు. వార్డుకు 146 ఓట్లు. ప్రతి పేరు పక్కన ఒక గుర్తు: మనది, వాళ్లది, అడగాలె, ఊళ్లో లేడు. ఇంటిపేరు చూసి కులం, కులం చూసి పెద్దమనిషి, పెద్దమనిషి ఎవరి మాట వింటాడు, ఎవరికి బాకీ ఉన్నాడు, ఎవరి పొలం కౌలుకు చేస్తున్నాడు, ఎవరి బిడ్డను ఎవరింటికి ఇచ్చారు. చిన్నాయన ఏడో తరగతి దాకానే చదివాడు, కానీ 1,460 పేర్లలో వెయ్యి పేర్ల గురించి ఇవన్నీ నోటికి చెప్పాడు. ఎదుటివాళ్ల దగ్గరా ఇలాంటి లిస్టే ఉంది. తేడా ఏమిటంటే, వాళ్లు ప్రతి పది ఇళ్లకు ఒక మనిషిని పెట్టి, ఆ మనిషికి ముందే డబ్బిచ్చారు. ఓటరుకు అందే డబ్బు కంటే ముందు నడిచేది ఈ మధ్య మనుషుల డబ్బు. వాళ్లలో ఒకరు మా పొలం పక్కాయన, మా పెళ్లిళ్లలో వడ్డించినవాడు. మా వాకిట్లోకి రావటం మానేశాడు, ఎదురుపడితే తల తిప్పుకున్నాడు.

లిస్టులో "ఊళ్లో లేడు" అని గుర్తు పెట్టినవాళ్లు 300 పైనే. మాది చేనేత పని ఉన్న ప్రాంతం. మగ్గం మీద బతకలేక భీవండికి, సూరత్‌కు పోయినవాళ్లు, హైదరాబాదులో ఎల్బీనగర్, వనస్థలిపురం దిక్కు కూలికి, అపార్టుమెంట్ల కాపలాకు పోయినవాళ్లు. మా వాళ్ల ఓట్లే 210 ఉంటే 90 మంది బయటే. వాళ్లకు ఫోన్ చేస్తే వచ్చే మొదటి మాట, "వస్తం గని, ఛార్జీలెట్ల?" అని. తప్పేం లేదు. భీవండి నుంచి రావటానికి మనిషికి 1,500, మూడు రోజుల కూలి పోతుంది. రెండు రాత్రులు మా ఇంట్లో ఇదే పంచాయితీ. చివరికి 38 మందికి రావటానికి ఛార్జీలు పంపించాం. 57,000 రూపాయలు. ఓటర్లను సొంత ఖర్చుతో రప్పించటం చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు, వాళ్లకు చెప్పాను కూడా. "మందు పోయలే, పైసలు పంచలే, మనోళ్లను మన ఊరికి రప్పించుకుంటే కూడా తప్పేనా?" అని అన్న నా మీద కోపానికొచ్చాడు. ఫోన్‌పే కొట్టింది నా ఫోన్ నుంచే. ఇప్పటికీ నాకు ఆ 57,000 దగ్గర మనసు ఆగుతుంది. పేరు ఏది పెట్టుకున్నా అది కూడా ఓటు కోసం ఇచ్చిన డబ్బే.

ఎదుటివాళ్ల దగ్గర డబ్బు ఒక్కటే లేదు, ఒక మాట కూడా ఉంది: "పైన మావాళ్లున్నరు. మేము గెలిస్తేనే మీకు ఇందిరమ్మ ఇల్లు." ఇంటికి 5 లక్షలు వచ్చే పథకం అది. రేకుల కింద ఉండే మనిషికి ఆ 5 లక్షల ముందు ఓటుకిచ్చే 2,000 ఎంత? ఆ మాట నిజమా కాదా అని ఎవరూ అడగరు. "ఒకవేళ నిజమే అయితే?" అనే భయం చాలు. డబ్బు ఎంత పంచారో పట్టుకుంటే లెక్క తేలుతుంది, ఈ భయాన్ని ఏ తనిఖీ బృందం పట్టుకుంటుంది? నేను చూసినంతలో మా ఊళ్లో డబ్బు కంటే ఎక్కువ ఓట్లు తిప్పింది ఈ మాటే.

పోలింగ్ ముందు రాత్రి పదకొండు దాటాక మా వీధిలో లైట్లు పోయాయి. కరెంటు పోలేదు, వీధి లైట్లు మాత్రమే ఆరిపోయాయి. కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఫోన్ లైటు కిందికి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తలుపు కొట్టటం, రెండు మాటలు, తర్వాతి ఇంటికి పోవటం. ప్రతి ఇంటి దగ్గరా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా ఇల్లు దాటేటప్పుడు మాత్రం నడక పెంచారు. నేను ఫోన్ చేద్దామని నంబరు తీసి కూడా చేయలేదు. తెల్లారితే అదే ఊళ్లో, అదే బావి దగ్గర మొహాలు చూసుకోవాలి. అడ్డుకోవాల్సిన మనిషి ఎందుకు అడ్డుకోడో ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది.

పొద్దున నాలుగున్నరకు వీధి చివరి అవ్వ మా తలుపు కొట్టింది. చీర కుచ్చిళ్లలోంచి తెల్ల కవరు తీసింది. మూల మీద పెన్సిల్‌తో వార్డు నంబరు, దాని కింద ఓటరు లిస్టులో ఆమె వరుస నంబరు. లోపల నాలుగు 500 నోట్లు, కొత్తవి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ముత్యాలమ్మ ఫోటో మీద చెయ్యి వేయించి ఒట్టు కూడా పెట్టించుకున్నారట. మేం ఇవ్వటం లేదని తెలిసే వచ్చింది. వదిన మొహంలోకి చూసి, "వాళ్లు నా నంబరు రాసుకుని మరీ ఇచ్చిండ్రు బిడ్డా. మీ ఇంట్ల నుంచి ఒక్కలు కూడా నా పేరు పిలిచి ఇదిగో అనలే. నా ఓటు మీ లెక్కల లేదా?" అని అడిగింది.

అప్పటిదాకా నేను డబ్బుతో ఓటు కొంటారు అనుకున్నాను. ఆ అవ్వకు 2,000 ధర కాదు. పింఛను తప్ప ఏ లిస్టులోనూ తన పేరు లేని మనిషి తలుపు దగ్గరికి, రాత్రి పూట, ఒకరు తన నంబరు వెతుక్కుంటూ వచ్చారు. ఇవ్వని వాళ్లు నీతిమంతులుగా కాదు, తనను లెక్కచేయని వాళ్లుగా కనపడ్డారు. వదినకు నోట మాట రాలేదు. అవ్వ చేతులు పట్టుకుని, "అవ్వా, నీ ఆపరేషన్ కాగితాల కోసం నల్గొండకు ఎన్నిసార్లు తిరిగినమే" అని మాత్రం అన్నది. "అది వేరే బిడ్డా" అని అవ్వ కవరు మళ్లీ కుచ్చిళ్లలో పెట్టుకుంది.

పోలింగ్ 7 నుంచి ఒంటిగంట దాకా. పంచాయతీకి ఈవీఎంలు లేవు, బ్యాలెట్ పెట్టెలే. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. భీవండి వాళ్లు తెల్లవారుజామున దిగి, మొహం కడుక్కుని నేరుగా లైన్లో నిలబడ్డారు. వాళ్లలో కొందరికి దారిలోనే ఎదుటి వర్గం ఫోన్లు చేసిందని తర్వాత తెలిసింది.

రెండింటికి లెక్కింపు మొదలైంది. నేను ఏజెంటుగా లోపల కూర్చున్నాను. మా దగ్గర వార్డుల వారీగా విప్పి, పాతికేసి కాగితాల కట్టలు కట్టారు. రహస్య ఓటు సగం ఇక్కడే పోతుంది. 146 ఓట్ల వార్డులో ఉంగరానికి ఎన్ని పడ్డాయో తెలిస్తే, డబ్బు పంచిన మనిషి తన పది ఇళ్లల్లో ఎవరు తప్పారో సాయంత్రానికి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. ఓటరుకూ ఆ సంగతి తెలుసు. ఒట్టు కంటే గట్టి కట్టు అదే. అన్ని వార్డుల కాగితాలూ కలిపి లెక్కపెడితే మనిషి తీసుకున్న డబ్బుకు భయపడక్కర్లేదు. మా దగ్గర అంత చిన్న పని ఎందుకు చేయలేదో నాకు అర్థం కాదు.

నాలుగో వార్డు విప్పినప్పుడు గదిలో అందరూ నా దిక్కు చూశారు. ఎక్కువ డబ్బు పంచింది అక్కడే, కత్తెరకు మెజారిటీ వచ్చింది కూడా అక్కడే. 81 ఓట్లు. కరోనా తర్వాత ఆ వార్డులో ఇద్దరు ఆడవాళ్లకు భర్తల ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేదాకా వదిన బ్యాంకు చుట్టూ తిరిగింది. తీసుకుని కూడా మాకు వేశారు, తెలిసిపోతుందని తెలిసి కూడా వేశారు. మా సొంత వార్డులో మాత్రం ఓడిపోయాం. మూడో అభ్యర్థి ఓట్లు చీల్చింది అక్కడే.

మొత్తం 1,331 ఓట్లు పోలయ్యాయి. ఉంగరానికి 655, కత్తెరకు 561, మూడో అభ్యర్థికి 84, నోటాకు 7, చెల్లనివి 24. ఓడింది 94 ఓట్లతో. వదిన ఏడవలేదు. అన్న ఏడ్చాడు.

గెలిచినవాళ్లు ఎంత ఖర్చు పెట్టారో నాకు తెలియాల్సిన పని లేదు, కానీ వెయ్యి ఓట్లకు పంచినా 20 లక్షలు. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్లకు 3,90,000. పాత సర్పంచులు అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక ధర్నాలు చేసిన సంగతి రాష్ట్రమంతా తెలుసు. మా పాత సర్పంచ్ భార్య పుస్తెలతాడు ఇంకా కుదువలోనే ఉంది. మరి ఈ 20 లక్షలు ఎక్కడి నుంచి తిరిగి రావాలి? మా ఊరి దిక్కు హైదరాబాదు నుంచి వెంచర్లు జరుగుతూ వస్తున్నాయి. ప్లాట్లు చేసేవాళ్లకు పంచాయతీ సంతకం కావాలి. ఎన్నికకు ముందు మా ఊరి వాళ్లు కాని కార్లు ఎందుకు తిరిగాయో దానికి సమాధానం అక్కడుంది అనుకుంటున్నాను. సర్పంచ్ ఎన్నిక వెనక ఎమ్మెల్యే ఎన్నిక కూడా ఉంటుంది. ఇప్పుడు పది ఇళ్లకు ఒకరిని పెట్టుకున్న మనిషే అప్పుడు ఒక బూత్ అవుతాడు.

ఖర్చుల లెక్క 45 రోజుల్లో మండల ఆఫీసులో ఇవ్వాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని మొత్తం వేశాను. 1,26,000. పరిమితి కంటే తక్కువే. భీవండి ఛార్జీల దగ్గర పెన్ను ఆపి వదినను అడిగాను, "ఇది రాయాల్నా?" అని. అన్న వద్దన్నాడు. భోజనాల కింద కలుపుదాం, ఎవరు చూస్తారు అన్నాడు. వదిన చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "పెట్టినం కదా, రాయి" అన్నది.

మండల ఆఫీసులో అప్పటికే ఇచ్చినవాళ్ల లెక్కలు బల్ల మీద వరుసగా ఉన్నాయి. పైనున్న రెండు మూడు కనిపించాయి, ఫ్లెక్సీలు, ఆటో, చాయ్, అంతే. మా పుస్తకం తీసుకున్న ఉద్యోగి పేజీలు తిప్పుతూ 57,000 దగ్గర ఆగాడు. "ఇది రాసిన్రేంది సార్?" అన్నాడు. "పెట్టినం" అన్నాను. కొంచెంసేపు నా మొహం చూసి, వోచర్లు లెక్కపెట్టుకుని, పుస్తకం వెనక అట్ట మీద ముద్ర వేశాడు. ముట్టినట్టు చీటీ రాసిచ్చి, కింద తారీఖు వేయటం మర్చిపోతే మళ్లీ పిలిచి వేయించుకున్నాను.